తుఫాను ముందే చెప్పేవాళ్ళు మా చేనులో వాన ఎందుకు చెప్పలేరు?

వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు ఫోను చేసినప్పుడు సంతోషంతో పాటు కొంచెం భయం కూడా వేసింది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఇదే సంచికకు "నీటి పొదుపు" మీద ఒక వ్యాసం ఇచ్చాను. అందులో సగానికి పైగా పాఠ్యపుస్తకంలోంచి దించినదే. ఈసారి మాత్రం నా సొంత చదువు గురించి రాస్తున్నాను. నేను విశాఖపట్నంలో వాతావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేశాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని.

నేను ఆ వ్యాసం రాసిన సంవత్సరమే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. మాకు అనంతపురం జిల్లాలో రెండెకరాల మెట్ట చేను ఉంది. అది తప్ప మిగతా ఏడాదంతా కూలి పనే. ఆ జూలైలో ఒక చిన్న వాన పడి నేల పదునైంది. రానున్న రెండు రోజుల్లో రాయలసీమలో వర్షాలు పడతాయని టీవీలో చెప్పారు. ఆ మాట నమ్మి మా నాయన శెనక్కాయ విత్తనం వేశాడు. విత్తనం మొలిచింది. తర్వాత ఇరవై రోజులు చినుకు లేదు. మా ఊరికీ పక్క ఊరికీ నడుమ ఒక గుట్ట ఉంది. గుట్టకు అవతల వాన పడింది. ఇవతలికి మబ్బు మాత్రమే వచ్చిపోయింది. మొలకలన్నీ ఎండిపోయాయి. రెండోసారి విత్తనం కొనడానికి మా అమ్మ కమ్మలు కుదువ పెట్టారు. దసరా సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి అమ్మ చెవులకు వేప పుల్లలు ఉన్నాయి.

తర్వాత చాలా ఏళ్ళకు నాకు ఎం.ఎస్సీ. సీటు వచ్చిందని చెప్పినప్పుడు మా నాయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "విశాపట్నానికి తుపాను ఎప్పుడొచ్చేదీ, యాడ తగిలేదీ నాలుగు దినాలు ముందే చెప్తారు గదా. మన చేన్లో వాన పడేది ఎందుకు చెప్పలేరు పాపా? మన మీద వాళ్ళకు పట్టదా?"

ఆ రోజు నాకు జవాబు తెలియదు. రెండేళ్ళ చదువు తర్వాత ఇప్పుడు కొంత తెలుసు. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే ప్రశ్న ఉంటుంది కాబట్టి, నాకు అర్థమైనంతవరకు ఇక్కడ వివరిస్తాను.

వాన ఒక లెక్క

పంచాంగం చూసి చెప్పడం వేరు, వాతావరణ శాఖ చెప్పడం వేరు. వాతావరణ శాఖ వారు ముందుగా లెక్క చేస్తారు. ఆ లెక్క చేసే కంప్యూటర్ ప్రోగ్రామునే "మోడల్" అంటారు. మోడల్ అనగానే బొమ్మ అనుకోకండి. అది కొన్ని సమీకరణాల కట్ట. ఆ సమీకరణాల్లో చాలావరకు ఇంటర్ ఎం.పి.సి. విద్యార్థినులకు తెలిసినవే.

గాలి ఎటు కదులుతుందో చెప్పడానికి న్యూటన్ రెండో గమన సూత్రం. గాలి ఎక్కడా మాయమైపోదు, కొత్తగా పుట్టదు అని చెప్పే ద్రవ్యనిత్యత్వ నియమం. పీడనం, ఉష్ణోగ్రత, సాంద్రతలను కలిపే వాయు సమీకరణం. వేడి ఇస్తే ఏమవుతుందో చెప్పే ఉష్ణగతిక శాస్త్ర మొదటి నియమం. గాలిలోని నీటి ఆవిరి లెక్క చూసే మరో సమీకరణం. స్థూలంగా ఇంతే. ఇప్పుడు గాలి ఎలా ఉందో తెలిస్తే, ఈ సమీకరణాలు మరికొన్ని నిమిషాల తర్వాత ఎలా ఉంటుందో చెబుతాయి. ఆ జవాబును మళ్ళీ సమీకరణాల్లో పెడితే ఇంకొన్ని నిమిషాల తర్వాతి స్థితి వస్తుంది. అలా అడుగు తర్వాత అడుగు వేస్తూ రేపటికి, ఎల్లుండికి, పదో రోజుకు వెళతారు.

అయితే భూమి మీద ప్రతి బిందువు దగ్గరా లెక్క చేయడం ఎవరి తరమూ కాదు. అందుకని భూమి మీద గళ్ళ నోటుపుస్తకంలోని కాగితం పరిచినట్టు ఊహించుకుంటారు. ఒక్కో గడి మీద నేల నుంచి ఆకాశం దాకా అనేక అంతస్తులు ఉంటాయి. ఒక్కో అంతస్తులోని గడికి ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం, ఒకే గాలి వేగం, ఒకే తేమ. గడి లోపల ఎన్ని ఊళ్ళున్నా, ఎన్ని గుట్టలున్నా, మోడల్‌కు అదంతా ఒక్కటే అంకె. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మా నాయన ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది.

ఆరు గంటల జోస్యం, ఆరు వారాల పని

ఈ లెక్కను మొదట చేతితో చేసి చూసినవాడు ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఫ్రాన్సులో గాయపడినవారిని మోసే అంబులెన్సు దళంలో పనిచేశాడు. ఆ పని మధ్య తీరిక దొరికినప్పుడల్లా, 1910 మే 20న మధ్య యూరప్‌లో ఆరు గంటల్లో వాతావరణం ఎలా మారిందో లెక్క కట్టాడు. అందుకు సుమారు ఆరు వారాలు పట్టింది. జవాబు పూర్తిగా తప్పింది. ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని లెక్క తేలింది. నిజానికి ఆ రోజు పీడనంలో దాదాపు మార్పే లేదు. కొలతల్లో ఒకదానితో ఒకటి పొంతన లేని చిన్న చిన్న తేడాలు లెక్కలో పెద్ద అలలుగా పెరిగిపోవడమే దానికి కారణమని తర్వాత తేలింది.

ఆయన తన తప్పును దాచుకోలేదు. 1922లో ఆ లెక్కనంతా పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులోనే ఒక పెద్ద హాలును ఊహించాడు. 64,000 మంది కూర్చుని, ఒక్కొక్కరు భూమిలోని తమ భాగం లెక్క చేసి పక్కవారికి అందిస్తూ ఉంటే, వాతావరణం కన్నా ముందు పరుగెత్తవచ్చని రాశాడు. మన హాస్టల్ స్టడీ అవర్‌ను తలచుకోండి. ప్రతి అమ్మాయీ ఒక గడి లెక్క చేసి, చుట్టుపక్కల నలుగురి జవాబులు చూసుకుని, తర్వాతి అంకె రాస్తున్నట్టు అన్నమాట. ఇందులో పక్కవాళ్ళ కాగితం చూడటం తప్పు కాదు, చూసి తీరాలి! ఎందుకంటే పక్క గడిలోని గాలే కాసేపటికి మన గడిలోకి వస్తుంది.

1950లో అమెరికాలో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నాయిమన్ అనే శాస్త్రవేత్తలు ఎనియాక్ అనే కంప్యూటర్ మీద సరళమైన సమీకరణంతో 24 గంటల జోస్యం లెక్కించారు. దానికి పట్టిన సమయం కూడా సుమారు 24 గంటలే. అంటే వాతావరణంతో సమానంగా నడిచారు.

ఈ పనిలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. ఎం.ఎస్సీ.లో చేరేదాకా నేను కంప్యూటర్‌ను సరిగ్గా ముట్టుకోలేదు. ఫోర్ట్రాన్ ప్రాక్టికల్‌లో గాలితో పాటు వేడి ఎలా కదులుతుందో లెక్కించే చిన్న ప్రోగ్రాము రాశాను. కాసేపటికే ఉష్ణోగ్రత వేల డిగ్రీలకు పోయింది. యంత్రం పాడు చేశానేమోనని చెమటలు పట్టాయి. సార్ చూసి నవ్వి, "నీ గాలి ఒక్క అడుగులో మూడు గళ్ళు దూకుతోంది" అన్నారు. గాలి ఒక గడి దాటడానికి పట్టే సమయం కన్నా మనం వేసే కాలపు అడుగు పెద్దది కాకూడదు. అడుగు తగ్గించాను, లెక్క కుదిరింది. ఈ నియమం వల్లనే గడిని చిన్నది చేసిన కొద్దీ పని విపరీతంగా పెరుగుతుంది. గడి పొడవు సగానికి తగ్గిస్తే గళ్ళు నాలుగు రెట్లవుతాయి, కాలపు అడుగులు రెండు రెట్లవుతాయి. మొత్తం పని ఎనిమిది రెట్లు.

మన ఉష్ణమండలం తీరే వేరు

యూరప్, అమెరికాల కోసం రాసిన తొలి మోడళ్ళు మన దగ్గర అంత బాగా పనిచేయలేదు. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు.

మొదటిది భూభ్రమణం. భూమి తిరుగుతుంది కాబట్టి కదిలే గాలి ఉత్తరార్ధగోళంలో కుడివైపు మళ్ళుతుంది. ఈ ప్రభావం అక్షాంశపు సైన్ విలువను బట్టి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర అది సున్న. అనంతపురం అక్షాంశం దాదాపు 14.7 డిగ్రీలు, లండన్‌ది 51.5. సైన్ విలువలు చూస్తే లండన్‌లో ఉన్న ప్రభావంలో మూడో వంతే మన దగ్గర ఉంది. అక్కడ ఈ ప్రభావానికీ, పీడన భేదానికీ మధ్య గట్టి సమతౌల్యం ఉంటుంది. పీడనం కొలిస్తే గాలి ఎటు వీస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. మన దగ్గర ఆ పట్టు సడలుతుంది. పైగా మన ప్రాంతంలో చోటుకూ చోటుకూ పీడనంలో, ఉష్ణోగ్రతలో తేడాలు స్వల్పం. తుఫాను లేని రోజుల్లో పీడనం చూసి చెప్పగలిగింది తక్కువ.

రెండోది, మన గాలిని నడిపించే శక్తి ఎక్కువగా మేఘాల్లోంచే వస్తుంది. వంటశాలలో పెద్ద గిన్నెలో ఎసరు మరుగుతున్నప్పుడు చూడండి. అడుగున వేడెక్కిన నీరు పైకి లేస్తుంది, చల్లబడింది కిందికి దిగుతుంది. భూమధ్యరేఖ ప్రాంతంలో గాలి అలాగే పైకి లేచి, ఉత్తర దక్షిణాలకు పోయి, దిగి, మళ్ళీ భూమధ్యరేఖ వైపు వీస్తుంది. 1735లోనే ఇంగ్లండులో జార్జ్ హాడ్లీ అనే న్యాయవాది వ్యాపార పవనాలను ఈ విధంగా వివరించాడు. అయితే ఎసరుకూ గాలికీ ఒక తేడా ఉంది. గాలి పైకి లేచినప్పుడు అందులోని ఆవిరి నీరై, తనలో దాచుకున్న గుప్తోష్ణాన్ని వదులుతుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది.

ఆ వేడి ఎంతో లెక్క వేద్దాం. ఒక ఎకరంలో ఒక సెంటీమీటరు వాన పడితే అది సుమారు 40 వేల లీటర్ల నీరు. ఆ నీరు ఆవిరి నుంచి మారేటప్పుడు మేఘంలో వదిలిన వేడిని కరెంటుగా లెక్కిస్తే దాదాపు 28 వేల యూనిట్లు! ఒక్క ఎకరం మీద ఒక్క మంచి పదును వానకే ఇంత. ఋతుపవనాల కాలంలో దేశమంతటా పడే వానకు ఎంతో ఊహించుకోండి.

ఈ వేడి, హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, హిందూ మహాసముద్రం అన్నీ కలిసి మన ఋతుపవన ప్రసరణను నడుపుతాయి. కింద నైరుతి నుంచి గాలి వస్తుంటే, చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ప్రవాహం సాగుతుంది. ఆ తూర్పు జెట్ ప్రవాహం గురించి 1958లో లోకానికి వివరించినవాడు మన నెల్లూరులో పుట్టిన పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి కూడా అయ్యారు. ఉష్ణమండల శాస్త్రంలో తెలుగువారి పేరు చదివిన రోజు నాకు కలిగిన ఉత్సాహం ఇంతా అంతా కాదు.

గడి కంటే చిన్న మేఘం

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. 1988లో మన దేశంలో మధ్యకాలిక వాతావరణ అంచనాల జాతీయ కేంద్రం ఏర్పడింది. దాని కోసం అమెరికా నుంచి క్రే అనే సూపర్ కంప్యూటర్ తెప్పించారు. 1990ల్లో అక్కడ నడిపిన ప్రపంచ మోడల్ గడి పొడవు సుమారు 150 కిలోమీటర్లు. అంటే ఒక గడి వైశాల్యం 22,500 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న అనంతపురం జిల్లా మొత్తం వైశాల్యం సుమారు 19 వేల చదరపు కిలోమీటర్లే. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన మన జిల్లా అంతా ఒక్క గడిలో ఇమిడిపోయి, ఇంకా చోటు మిగులుతుంది! మన వానను అడ్డుకునే పశ్చిమ కనుమల వెడల్పు కూడా అంత గడిలో కరిగిపోతుంది. మోడల్‌కు ఆ కొండలు మెత్తటి దిబ్బలాగా కనిపిస్తాయి.

తర్వాతి కాలంలో గడి చిన్నదవుతూ వచ్చింది. 2018లో పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అనే సూపర్ కంప్యూటర్లు వచ్చాయి. 2024లో వాటి తర్వాతి తరంగా అర్క, అరుణిక వచ్చాయి. అర్క సామర్థ్యం 11.77 పెటాఫ్లాప్స్. అంటే సెకనుకు దాదాపు 12 వేల లక్షల కోట్ల లెక్కలు. 12 కిలోమీటర్ల గడి నుంచి, 2025 మే నెలలో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో 6 కిలోమీటర్ల గడికి వచ్చాం. ఇప్పుడు పాత అనంతపురం జిల్లాలో సుమారు 530 గళ్ళు పడతాయి. 150 నుంచి 6కు రావడం అంటే గడి పొడవు 25 రెట్లు తగ్గింది. పైన చెప్పిన నియమం ప్రకారం పని 25×25×25, అంటే 15,625 రెట్లు పెరిగింది.

అయినా సరే, 6 కిలోమీటర్ల గడి అంటే 36 చదరపు కిలోమీటర్లు, దాదాపు 8,900 ఎకరాలు. అందులో మా రెండెకరాలు ఎంత? ఉరుములతో వచ్చే ఒక వాన మేఘం వెడల్పు తరచుగా కొన్ని కిలోమీటర్లే ఉంటుంది. గడి లోపల గుట్టకు అవతల కురిసి, ఇవతల కురవకపోవచ్చు. అలాంటి మేఘాన్ని మోడల్ చూడలేదు. అందుకని "ఈ గడిలో ఇంత తేమ, ఇంత వేడి ఉంటే సగటున ఇంత మేఘం, ఇంత వాన ఉంటుంది" అని ఒక అంచనా సూత్రం పెడతారు. హాస్టల్‌లో ఎవరెవరు ఎంత తింటారో విడివిడిగా తెలియకపోయినా, ఇంతమంది ఉన్నారు కాబట్టి ఇన్ని కిలోల బియ్యం అని ఎసట్లో వేసినట్టు. మొత్తం మీద లెక్క సరిపోతుంది. కానీ ఫలానా అమ్మాయి ఈ పూట రెండోసారి వడ్డించుకుంటుందా అంటే చెప్పలేం.

తుఫాను ఎలా చెప్పగలుగుతున్నారు?

తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పున ఉంటుంది. 12 కిలోమీటర్ల గళ్ళ కాగితం మీద 500 కిలోమీటర్ల తుఫాను ఒక వైపు నుంచి మరో వైపుకు 40 గళ్ళు ఆక్రమిస్తుంది. దాని రూపం స్పష్టంగా కనిపిస్తుంది. పైగా దాన్ని మోసుకుపోయేది చుట్టూ ఉన్న పెద్ద గాలులు. పెద్ద గాలులను మోడల్ బాగా పట్టుకుంటుంది. సముద్రం మీద కొలిచే కేంద్రాలు తక్కువైనా, ఉపగ్రహాలు ఆ లోటు చాలావరకు తీరుస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్శాట్-3డీఎస్ ఈ పనికోసమే. వాటికి తోడు విశాఖపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల నుంచి వదిలే బెలూన్లు గాలిలో పైకి పోతూ కొలతలు పంపుతాయి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేలమంది చనిపోయారు. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ముంచింది దానికి కుడివైపున ఉన్న దివిసీమను. మన తూర్పు తీరంలో తుఫానుకు కుడిపక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. కాబట్టి తుఫాను ఎక్కడ దాటుతుందో కొన్ని పదుల కిలోమీటర్ల తేడాతో తెలియడం ప్రాణాలకు సంబంధించిన విషయం. 2013 అక్టోబరులో ఫైలిన్ ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, ముందస్తు అంచనాను నమ్మి లక్షలమందిని తరలించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికే వచ్చింది. నగరం చెట్లన్నీ కూలాయి, ఆస్తి నష్టం అపారం. కానీ ప్రాణనష్టం వేలకు పోలేదు. ఈ తేడాలో తుఫాను షెల్టర్లు, రోడ్లు, ఫోన్లు, అధికారుల పని అన్నీ ఉన్నాయి. వాటితో పాటు ఈ లెక్క కూడా ఉంది.

ఒక ప్రశ్నకు ఇరవై ఒక్క జవాబులు

గళ్ళు ఎంత చిన్నవైనా తీరని చిక్కు మరొకటి ఉంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త తన కంప్యూటర్ లెక్కను మధ్యలోంచి మళ్ళీ మొదలుపెట్టాడు. 0.506127 అని ఇవ్వాల్సిన చోట 0.506 అని ఇచ్చాడు. కొంతసేపు రెండు లెక్కలూ కలిసి నడిచి, తర్వాత ఒకదానికొకటి సంబంధం లేకుండా పోయాయి. అంటే ఈ రోజు కొలతలో అతి చిన్న తప్పు కూడా కొన్ని రోజుల తర్వాత పెద్దదవుతుంది. ఏ రోజు ఏమవుతుందో విడివిడిగా చెప్పడానికి సుమారు రెండు వారాలే హద్దు అంటారు.

దీనికి విరుగుడుగా ఇప్పుడు ఒకే మోడల్‌ను కొద్ది కొద్ది తేడాలున్న ఆరంభ స్థితులతో అనేకసార్లు నడుపుతున్నారు. మన దేశంలో 2018లో మొదలైన 12 కిలోమీటర్ల సమూహ పద్ధతిలో 21 లెక్కలు ఉండేవి. వాటిలో 14 లెక్కలు వాన అంటే, వాన పడే అవకాశం మూడింట రెండు వంతులు అని అర్థం. వేర్వేరు దేశాల మోడళ్ళను, వాటి పాత తప్పులను బట్టి తూకం వేసి కలిపే పద్ధతిని 1999లో ప్రకటించినవారిలో ముఖ్యుడు టి.ఎన్. కృష్ణమూర్తి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఉష్ణమండల మోడళ్ళకు పేరు తెచ్చిన ఆయన, తన మాస్టర్స్ డిగ్రీ చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే.

రెండు వారాల హద్దు దాటి కొంత చెప్పడానికి ఒక దారి ఉంది. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉష్ణమండలంలో ఒక పెద్ద అలను గుర్తించారు. మేఘాలు దట్టంగా ఉన్న భాగం ఒకటి, ఎండగా ఉన్న భాగం ఒకటి జంటగా హిందూ మహాసముద్రం నుంచి తూర్పు వైపు మెల్లగా జరుగుతూ, సుమారు 30 నుంచి 60 రోజుల్లో ఒక చుట్టు పూర్తిచేస్తాయి. ఎండ భాగం మన వైపు ఉన్నప్పుడు ఋతుపవనాలు బలహీనపడి వాన ఆగిపోయే అవకాశం ఎక్కువ. విత్తనం మొలిచాక వచ్చే దీర్ఘమైన ఎండల వెనుక ఇలాంటి కారణాలు ఉంటాయి. వాతావరణ శాఖ ప్రతి గురువారం రానున్న నాలుగు వారాలకు విడుదల చేసే అంచనాలో దీన్ని కూడా చూస్తారు. అది ఊరి లెక్క కాదు, ప్రాంతం లెక్క. అయినా విత్తే ముందు ఒకసారి తెలుసుకోదగినది.

నాయనకు నేను చెప్పిన జవాబు

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు గళ్ళ నోటుపుస్తకం ముందు పెట్టుకుని మా నాయనకు ఇదంతా చెప్పాను. ఒక పేజీలో నలభై గళ్ళ తుఫాను గీశాను. పక్కన ఒక్క గడి గీసి, అందులో మా ఊరు, పక్క ఊరు, నడుమ గుట్ట, మా చేను చుక్కలుగా పెట్టాను. ఆయన చాలాసేపు ఆ గడినే చూశాడు.

తర్వాత వాతావరణ శాఖ వాడే మాటలు చెప్పాను. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని అర్థం. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. "అనేక చోట్ల" అంటే సగం నుంచి ముప్పావు దాకా. "దాదాపు అన్ని చోట్ల" అంటే ముప్పావుకు పైన. అలాగే "తేలికపాటి వర్షం" అంటే రోజు మొత్తంలో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లు పడినా తేలికపాటి వర్షమే. అది నేలను తడుపుతుంది కానీ పదును చేయదు. "మోస్తరు" అంటే 64.4 మిల్లీమీటర్ల దాకా, "భారీ" అంటే 64.5 నుంచి 115.5 దాకా.

"అయితే ఆ దినం టీవీలో ఏమని చెప్పింటారు?" అని అడిగాడు. నాకు తెలియదు. బహుశా ఒకటి రెండు చోట్ల అని ఉండవచ్చు, చదివినవారు ఆ మాట వదిలేసి ఉండవచ్చు, లేదా మేము వినకపోయి ఉండవచ్చు. మా నాయన కాసేపు ఆగి, "మనం వాన అనే మాటొకటే ఇన్నాము పాపా" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ కమ్మలు విడిపించడానికి మాకు మూడేళ్ళు పట్టింది.

"మన మీద వాళ్ళకు పట్టదా?" అన్న ప్రశ్నకు మాత్రం నేను పూర్తి జవాబు ఇవ్వలేకపోయాను. గడి చిన్నది కాకపోవడానికి కారణం లెక్క భారం. అందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. కానీ లెక్క చెప్పిన అవకాశాన్ని, దాని హద్దులతో సహా, మెట్ట చేను ఉన్నవాడికి అర్థమయ్యే మాటల్లో చేర్చడం కంప్యూటర్ చేసే పని కాదు. అది మనుషులు చేయాలి. మన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళు చేస్తే ఇంకా బాగా చేస్తారని నా నమ్మకం.

చెల్లెళ్ళకు రెండు మాటలు

మన హాస్టల్ నుంచి ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకున్నవాళ్ళు ఇంజినీరింగ్ ఒక్కటే దారి అనుకోకండి. బి.ఎస్సీ.లో లెక్కలు, భౌతిక శాస్త్రం చదివితే ఎం.ఎస్సీ.లో ఈ దారి తెరుచుకుంటుంది. కంప్యూటర్ రాదని వెనకాడవద్దు. నాకూ రాలేదు. సందేహం వస్తే అడగడానికి సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి మొదటి సెమిస్టర్‌లో రెండు నెలలు పోగొట్టుకున్నాను. అందరిముందు అడగలేకపోతే విడిగానైనా అడగండి.

ఇంకొక చిన్న పని. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాతావరణ వార్త మొత్తం వినండి. ఎన్ని చోట్ల అన్నారో, ఎంత వాన అన్నారో రాసుకుని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. మీ ఊళ్ళో పడిందో లేదో పక్కన రాయండి. ఒక వానాకాలం అంతా అలా రాస్తే, అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో మీ ఊరికి సంబంధించిన లెక్క మీ చేతుల్లోనే ఉంటుంది. మా ఊరి కోసం నేను అలాంటి నోటుపుస్తకం మొదలుపెట్టాను. నేను లేని రోజుల్లో మా నాయన వేలు పెట్టి చూపిస్తే మా తమ్ముడు రాస్తున్నాడు.